లూలియోలో లైసెన్సు: పదేళ్ళు కారు నడిపాక మళ్ళీ మొదటి నుంచి

2023 జనవరిలో ఒక రాత్రి ఒంటిగంటకి మా పాపకి దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, కుక్కపిల్ల మొరిగినట్టు వస్తోంది, ఊపిరి లోపలికి తీసుకుంటుంటే ఈల వేసినట్టు శబ్దం. అప్పటికి దానికి మూడేళ్ళు నిండి రెండు నెలలు. ఇక్కడ ఆరోగ్యం గురించి ఏది అడగాలన్నా ముందు 1177 కి ఫోన్ చెయ్యాలి, చేశా, నర్సు ఫోన్‌లోనే పాప ఊపిరి విని వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి అంది. హాస్పిటల్ ఊళ్ళో లేదు. ఊరికి పదిహేను కిలోమీటర్ల పైన, బోదెన్ అనే ఊరికి పోయే దారిలో సుండర్బీన్ అనే చోట ఉంది. బయట మైనస్ 22. బస్సులు లేవు. టాక్సీ యాప్ చూస్తే నలభై నిమిషాలు అంటోంది. మా ఆయన పాపని భుజాన వేసుకుని హాల్లో తిరుగుతున్నాడు, నాకేమో కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.

మా పై ఫ్లోర్‌లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. అప్పటికి మెట్ల మీద ఎదురైతే హేయ్ అనుకోవడం తప్ప పెద్ద పరిచయం లేదు. వెళ్ళి తలుపు కొట్టా. నైటీ మీదే కోటు వేసుకుని తాళాలు పట్టుకుని దిగారు, ఒక్క ప్రశ్న అడగలేదు. కారు దగ్గరికి నడిచే రెండు నిమిషాల్లోనే, ఆ చలిగాలికి, పాప దగ్గు సగం తగ్గింది. తర్వాత డాక్టర్ చెప్పింది అది క్రూప్ అని, చల్లగాలి తగిలితే గొంతులో వాపు కొంచెం దిగుతుందని. తెల్లారుజామున నాలుగింటికి ఇంటికొచ్చేశాం, పాప బాగానే ఉంది. కానీ ఆ రాత్రి నా కళ్ళు పాప మీద ఎంతసేపు ఉన్నాయో ఆవిడ చేతుల మీద కూడా అంతసేపు ఉన్నాయి. రోడ్డు అద్దంలా మెరుస్తోంది, ఎదురుగా మంచు పొడి పొగలా లేస్తోంది, డెబ్భై ఏళ్ళు దాటిన ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ మీద మెత్తగా పెట్టుకుని ఎక్కడా బ్రేకు కొట్టకుండా, తొందర లేకుండా తీసుకెళ్ళారు. నేను హైదరాబాద్‌లో పదేళ్ళు కారు నడిపా. మియాపూర్ నుంచి గచ్చిబౌలి రోజూ నేనే. కానీ ఆ రాత్రి ఆ తాళాలు నా చేతికిచ్చినా నడపలేను, ఆ సంగతి నాకు తెలుసు. అదే నన్ను తినేసింది.

లూలియో అంటే చాలామందికి తెలీదు కాబట్టి కొంచెం చెప్తా. స్వీడన్ మ్యాప్‌లో బాగా పైన, బోత్నియా సముద్రం చివర, లూలె నది కలిసే చోట ఉంటుంది. స్టాక్‌హోమ్ నుంచి రోడ్డు మీద 900 కిలోమీటర్లు, ఆర్కిటిక్ సర్కిల్ ఇంకో వంద కిలోమీటర్లు. ఊళ్ళో ఉండేది యాభై వేల మంది లోపే. ఒక స్టీల్ ప్లాంట్, ఒక టెక్నికల్ యూనివర్సిటీ, కొన్ని ఐటీ కంపెనీలు, హాకీ టీమ్ అంటే పడిచచ్చే జనం. డిసెంబర్ చివర్లో పొద్దున పదింటికి సూర్యుడు వచ్చి ఒంటిగంటకల్లా పోతాడు, జూన్‌లో అర్ధరాత్రి కూడా పేపర్ చదువుకోవచ్చు. నాకు ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, 2022 ఆగస్టులో వచ్చాం. ఎండాకాలం చివర కాబట్టి ఊరు పచ్చగా, గాలి తీయగా ఉంది, ఇదేంటి అందరూ భయపెట్టారు అనుకున్నాం. అక్టోబర్‌లో టాక్స్ ఆఫీసు వాళ్ళ రిజిస్టర్‌లో మా పేర్లు ఎక్కి పర్సన్‌నంబర్, అంటే మనిషికో గుర్తింపు నంబర్, వచ్చింది, అది వచ్చాక ఐడీ కార్డు, అది వచ్చాక బ్యాంకు, బ్యాంకు వచ్చాక బ్యాంక్ఐడీ, అంటే ఆన్‌లైన్‌లో మనం ఎవరో చూపించుకునే ఐడీ. ఆ బ్యాంక్ఐడీ లేకపోతే ఇక్కడ మనిషి ఉన్నట్టే లెక్క కాదు, డేకేర్ క్యూ నుంచి కరెంటు బిల్లు దాకా దాంతోనే.

డ్రైవింగ్ లైసెన్సు కూడా ఆ రిజిస్టర్‌లో పేరెక్కిన తేదీతో ముడిపడి ఉంది. ఇండియా లైసెన్సుతో ఆ తేదీ నుంచి ఒక ఏడాది వరకే నడపొచ్చు. ఆ తర్వాత మన లైసెన్సు ఇక్కడ చెల్లదు, ఇచ్చేసి స్వీడిష్‌ది తీసుకునే వీలు కూడా లేదు. యూరప్ దేశాల వాళ్ళకీ, జపాన్ లాంటి ఒకటి రెండు దేశాల వాళ్ళకీ ఆ అవకాశం ఉంది, మనకి లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఎలా మొదలుపెడతారో మనమూ అలాగే మొదటి నుంచి. అమ్మకి ఫోన్‌లో చెప్తే "పదేళ్ళు నడిపినదానివి, నీకు మళ్ళీ పరీక్షేంటే, వాళ్ళకేం తెలుసు నీ గురించి" అని కోప్పడింది. నాకూ మొదట్లో అలాగే ఉండేది, కానీ ఆ జనవరి రాత్రి తర్వాత ఆ మాట నా నోటి నుంచి మళ్ళీ రాలేదు.

ముందు కావాల్సింది షొర్‌కూర్ట్స్‌టిల్‌స్టోండ్, అంటే నేర్చుకోవడానికి పర్మిషన్. కళ్ళద్దాల షాపుకెళ్ళి చూపు పరీక్ష చేయించుకుంటే వాళ్ళే సర్టిఫికెట్ పంపిస్తారు, మన ఆరోగ్యం గురించి ఒక డిక్లరేషన్ నింపి ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యాలి. ఇది పెద్ద కష్టం కాదు. ఒకసారి వస్తే ఐదేళ్ళు ఉంటుంది. వచ్చిన కొత్తల్లోనే చేసి పెట్టుకోండి, మేము ఆరేడు నెలలు ఊరికే పోగొట్టాం.

ఏప్రిల్‌లో ఒక పాత వోల్వో కొన్నాం, పదమూడేళ్ళ బండి. రెండు సెట్ల టైర్లు, ఎండాకాలానివి ఒకటి, మేకులున్న డబ్ టైర్లు ఒకటి, దాంతోపాటు మోటార్ హీటర్. బానెట్ ముందు చిన్న ప్లగ్ బయటికి ఉంటుంది. ఇక్కడ పార్కింగ్‌లో ప్రతి కారు ముందూ ఒక స్తంభం, దానికి ప్లగ్ పాయింట్. మనం పొద్దున ఏడింటికి బయల్దేరాలంటే టైమర్ నాలుగింటికో ఐదింటికో పెట్టుకుంటే అప్పటికి ఇంజన్ గోరువెచ్చగా ఉంటుంది. ఇది కొనేముందు పై ఫ్లోర్ పెద్దావిడే వచ్చి టైర్లలో గాడి లోతు కొలిచి చూశారు. చలికాలం టైర్‌కి కనీసం మూడు మిల్లీమీటర్లు ఉండాలి, డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా రోడ్డు మీద మంచున్నప్పుడు ఆ టైర్లే ఉండాలి, ఇది రూలు.

ఆ ఎండాకాలం ఇండియా లైసెన్సుతోనే నడిపా. కుడి పక్కన నడపడం రెండు వారాల్లో అలవాటైంది, ఇండికేటర్ మాత్రం చాలా రోజులు పట్టింది, మన కార్లలో కుడిచేతి కింద ఉండేది ఇక్కడ ఎడమచేతి కింద, మలుపు దగ్గర చెయ్యి పాత అలవాటుకి పోయి వైపర్లు ఊగేవి. స్వీడన్ వాళ్ళు కూడా ఒకప్పుడు మనలాగే ఎడమ పక్కన నడిపేవాళ్ళట, 1967 సెప్టెంబర్ 3 తెల్లవారుజామున దేశం మొత్తం ఒకేసారి కుడివైపుకి మారిందట. మా పై ఫ్లోర్ ఆవిడకి ఆ రోజు గుర్తుంది, అప్పటికి పదిహేనేళ్ళ పిల్ల, వాళ్ళ నాన్న వారం రోజులు కారు బయటికి తియ్యలేదట.

ఆవిడ గురించి చెప్పకుండా ఈ కథ లేదు. ఇక్కడ డ్రైవింగ్ స్కూల్లోనే కాదు, బయటివాళ్ళ దగ్గర కూడా నేర్చుకోవచ్చు, వాళ్ళని హాండ్‌లేదరె అంటారు. ఇరవై నాలుగేళ్ళు నిండి, గత పదేళ్ళలో కనీసం ఐదేళ్ళు లైసెన్సు ఉండి, నేర్చుకునేవాళ్ళతో పాటు మూడు గంటల ఇంట్రడక్షన్ కోర్సుకి కూర్చుంటే వాళ్ళకి పర్మిషన్ వస్తుంది. స్కూల్లో గంటకి గంట డబ్బు కట్టడం మాకు భారంగా ఉంది, ఎవరిని అడగాలా అని ఆలోచిస్తుంటే ఆవిడే అడిగారు, ఎప్పుడు మొదలుపెడదాం అని. రిటైర్ కాకముందు ఆవిడ యోక్‌మోక్ చుట్టుపక్కల పల్లెల్లో స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళే టాక్సీ నడిపారట, దాదాపు ముప్పై ఏళ్ళు. నేను ఆవిడ పక్కన కోర్సులో కూర్చుంటే ఆ గదిలో మిగిలినవాళ్ళంతా అమ్మానాన్నలూ పదహారేళ్ళ పిల్లలూ.

స్వీడిష్‌లో పెద్దా చిన్నా అందరికీ ఒకటే మాట, దూ, అంటే నువ్వు. గారూ లేదు మీరూ లేదు, డాక్టర్‌నైనా మా మేనేజర్‌నైనా పేరు పెట్టే పిలవాలి. మా అమ్మ కంటే పెద్దావిడని పేరు పెట్టి నువ్వు అనడానికి నాకు చాన్నాళ్ళు నోరు రాలేదు. ఒక రోజు మా పాప నేనేం చెప్పకుండానే ఆవిడని "మామ్మా" అని పిలిచింది. తల్లి తల్లిని వాళ్ళు మోర్‌మోర్ అంటారు, ఈ పిలుపు ఆవిడ చెవికి దాని పక్కనే ఉన్నట్టు వినపడిందో ఏమో, తెగ సంతోషపడ్డారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఆవిడ మామ్మే. ఇంకొకటి, ఈ ఉత్తరాది వాళ్ళు అవును అనడానికి చాలాసార్లు నోటితో ఏమీ అనరు, పెదాలు ముందుకు పెట్టి గాలి లోపలికి చటుక్కున పీలుస్తారు, "ష్‌ఊప్" అని. మొదటి రోజు పక్క సీట్లో ఆవిడ అలా అన్నప్పుడల్లా నేనేదో గుద్దబోతున్నానని గుండె జారిపోయేది, కాలు బ్రేకు మీదకి పోయేది. ఆవిడకేమో నేను సరిగ్గా నడుపుతున్నా అన్నమాట. మూడో క్లాసులో అడిగేశా. అర్థమయ్యాక ఆ శబ్దం వినడం కోసమే జాగ్రత్తగా నడిపేదాన్ని.

కారు వెనక పెట్టుకునే ఆకుపచ్చ బోర్డు ఒకటుంటుంది, నేర్చుకుంటున్నాం అని రాసి ఉంటుంది, అయస్కాంతంతో డిక్కీకి అంటుకుంటుంది. పని లేనప్పుడు దాన్ని మా ఫ్రిజ్ తలుపుకి అంటించేవాళ్ళం, పాప గీసిన బొమ్మల పక్కన. అక్టోబర్‌లో నా ఏడాది గడువు అయిపోయింది, ఆ రోజు నుంచి నేను ఒంటరిగా స్టీరింగ్ ముట్టుకోకూడదు. మంగళవారం, గురువారం ఆఫీసు అయ్యాక ఆవిడ కిందికొచ్చి ఫ్రిజ్ మీది బోర్డు తీసుకుని "పద" అనేవారు.

ఆవిడ నేర్పినవి ఏ పుస్తకంలోనూ అంత బాగా లేవు. మంచు మీద జారుతున్నప్పుడు నువ్వు ఎక్కడికి వెళ్ళాలో అక్కడ చూడు, చెట్టు వైపు చూస్తే చెట్టుకే పోతావు. రోడ్డు పక్కన కొమ్మకి నల్ల ప్లాస్టిక్ సంచి కట్టి ఉంటే అది చెత్త కాదు, దగ్గర్లో రెయిన్‌డీర్‌లు ఉన్నాయని సామి (ఇక్కడి ఆదివాసులు) పశువుల కాపరులు పెట్టిన గుర్తు. చలికాలంలో మందలు కొండల్లోంచి తీరం వైపు అడవుల్లోకి దిగుతాయి, నాచు తినడానికి, రోడ్డు మీద ఉప్పు నాకడానికి కూడా వస్తాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకా ఉంటాయి, తొందరపడి పోనివ్వకు. ఎల్గ్ అనే పెద్ద దుప్పి ఎదురైతే బ్రేకు వెయ్యి, తప్పించాల్సొస్తే దాని వెనక నుంచి పోవడానికి చూడు, అది ముందుకి పోతుంది గానీ వెనక్కి తిరగదు. ఇలాంటి పెద్ద జంతువుని గుద్దితే పోలీసులకి ఫోన్ చెయ్యాలి, ఆ చోటు గుర్తు పెట్టాలి, అది చట్టం, దెబ్బ తిన్న జంతువు అడవిలోకి పోయి రోజుల తరబడి బాధపడకుండా వేటగాళ్ళు వెతుక్కుంటూ వెళ్తారు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ కారు పక్కన ఆపించారు. నడుపుతూ వినే మాట కాదు ఇది అన్నారు.

లైసెన్సుకి రెండు రిస్క్ కోర్సులు తప్పనిసరి. మొదటిది గదిలో కూర్చుని చేసేది, తాగి నడపడం, నిద్ర, అలసట, స్నేహితుల ఒత్తిడి గురించి. ఇక్కడ రక్తంలో ఆల్కహాల్ హద్దు 0.2 పర్ మిల్లే, అంటే వెయ్యికి 0.2 పాళ్ళు, చాలా తక్కువ. నిద్ర గురించి చెప్పిన భాగం నన్ను బాగా కదిలించింది, ఎందుకంటే హైదరాబాద్ నుంచి గుంటూరుకి రాత్రిళ్ళు డ్రైవ్ చేసి తెల్లారేసరికి చేరేవాళ్ళం పండగలకి, కళ్ళు మూతలు పడుతుంటే నార్కట్‌పల్లి దగ్గర టీ తాగి మళ్ళీ ఎక్కేవాళ్ళం, అది మాకు మామూలు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పా, ఇక ఆ పని జన్మలో చెయ్యొద్దని.

రెండోది హాల్క్‌బానా, అంటే జారుడు ట్రాక్. నవంబర్ మొదట్లో వెళ్ళా, అప్పటికే నిజం మంచు. ఒక్కొక్కరికి ఒక్కో కారు, లోపల వాకీటాకీ, ఇన్‌స్ట్రక్టర్ బయట నిలబడి మాట్లాడుతుంటారు. ముందు గంటకి 30 లో వచ్చి గట్టిగా బ్రేకు కొట్టు అన్నారు. కొట్టా. కాలి కింద పెడల్ టకటకటక అని కొట్టుకుంది, ఏబీఎస్ అది, బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, నాకు హైదరాబాద్‌లో ఎప్పుడూ తగల్లేదు, భయమేసి కాలు తీసేశా. తియ్యొద్దు, పట్టుకునే ఉండు అని వాకీటాకీలో గొంతు. రెండోసారి పట్టుకున్నా, ఆగింది. ఇప్పుడు 60 లో రా అన్నారు. స్పీడు రెండింతలు అయితే బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలు అవుతుందని పుస్తకంలో చదివా, లెక్క కూడా తెలుసు, ఫిజిక్స్ బాగానే వచ్చు నాకు. కానీ ఆ కోన్లు, ఇందాక ఆగిన చోటు పెట్టిన ఆ నారింజ కోన్లు, నా పక్క నుంచి మెల్లగా వెనక్కి పోతున్నాయి, నా కాలు బ్రేకు మీద బిగుసుకుపోయి ఉంది, కారు మాత్రం ఆగట్లేదు, దాని పాటికి అది పోతోంది, ఏ శబ్దమూ లేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆఖరికి ఆగాక వాకీటాకీలో ఆయన అడిగారు, ఆ కోన్ల దగ్గర ఒక పిల్ల ఉండుంటే? నేను ఏమీ అనలేదు. మొత్తం ఆ పొద్దున్న కారు అదుపు చెయ్యడం నేర్పలేదు నిజానికి, అదుపు ఎక్కడ పోతుందో చూపించారు. స్పీడు తగ్గించుకోవడం తప్ప వేరే మందు లేదు.

తర్వాత థియరీ. ఇంగ్లీషులో రాయొచ్చు. 70 ప్రశ్నలు, 50 నిమిషాలు, అందులో ఐదు వాళ్ళు ప్రయోగానికి పెట్టేవి, లెక్కలోకి రావు, మిగిలిన 65 లో 52 రావాలి. మొదటిసారి నాకు 50 వచ్చాయి. రోడ్డు మీద అనుభవం ఉన్నవాళ్ళకే ఇది ఎక్కువ కష్టం అనిపించింది నాకు, ఎందుకంటే మనం చేసేది మనసులో పెట్టుకుని జవాబు టిక్ చేస్తాం. యాభై, అంతకంటే తక్కువ లిమిట్ ఉన్న రోడ్డు మీద స్టాప్ నుంచి బస్సు ఇండికేటర్ వేసి బయల్దేరితే దానికి దారి ఇవ్వాలి. జీబ్రా క్రాసింగ్ దగ్గర మనిషి అడుగు పెట్టబోతున్నా ఆగాలి. పసుపు వజ్రం ఆకారం బోర్డు ఉంటే నువ్వు మెయిన్ రోడ్డు మీద ఉన్నట్టు. పగలైనా రాత్రైనా లైట్లు వెలగాలి. కొన్ని వీధుల్లో పార్కింగ్ సరి తేదీకి ఒక పక్క, బేసి తేదీకి ఇంకో పక్క, మంచు ఎత్తే బండికి దారి ఉండాలి కదా. ఇలాంటివి వందలు. పాప పడుకున్నాక రోజూ రాత్రి వంటింట్లో కూర్చుని చదివా. ఎవరో క్యాన్సిల్ చేసిన స్లాట్ దొరికి నవంబర్ ఆఖర్లో మళ్ళీ రాస్తే 59 వచ్చాయి.

రోడ్డు పరీక్ష మొదటిసారి డిసెంబర్ 20 న, మధ్యాహ్నం రెండింటికి. రెండింటికి అంటే ఇక్కడ అప్పటికే సూర్యుడు పోయి మసక చీకటి. హ్యోగెర్ కుడి, వెన్స్టెర్ ఎడమ, రాక్ట్ ఫ్రామ్ తిన్నగా, రొండెల్ అంటే రౌండ్ అబౌట్, ఇవన్నీ నోటికి వచ్చేలా చేసుకుని వెళ్ళా. బానెట్ తీసి అడిగినవి చెప్పా, బెర్గ్నేస్ బ్రిడ్జి మీద నుంచి అటు పోయి వచ్చా, అంతా బాగానే ఉంది అనుకున్నా. తర్వాత ఇళ్ళ మధ్య ఒక చిన్న రోడ్డులోకి తిప్పమన్నారు. ఇక్కడ ఇళ్ళ మధ్య చాలా కూడళ్ళలో బోర్డేమీ ఉండదు, అలాంటి చోట కుడి పక్క నుంచి వచ్చేవాళ్ళకి మనం దారి ఇవ్వాలి, దాన్ని హ్యోగెర్‌రేగెల్న్ అంటారు. మూల మీద మంచు ఎత్తి పోసిన గుట్ట నా ఎత్తు ఉంది. నేను స్పీడు తగ్గించా, కానీ తల తిప్పి ఆ గుట్ట దాటేదాకా చూడలేదు. హైదరాబాద్‌లో అయితే ఎవరో ఒకరు హారన్ కొడతారు, కళ్ళు కలుస్తాయి, ఒకరు ఆగుతారు. ఇక్కడ హారన్ కొట్టరు. రూల్ పాటిస్తావని నమ్మి వచ్చేస్తారు. కారు ఎక్కడో ఆగింది, ఆపింది నేను కాదు, పక్కన కూర్చున్న ఎగ్జామినర్ కాలు. కుడి పక్క నుంచి వచ్చిన కారు మా ముందు నుంచి మెల్లగా దాటిపోయింది, వెనక సీట్లో పిల్లల సీటు కనపడింది.

ఫెయిల్ అయ్యానని ఆ ఎగ్జామినర్ చెప్పకముందే తెలుసు. కానీ ఎంత నెమ్మదిగా చెప్పారంటే, మొదట బాగా చేసినవి చెప్పి, తర్వాత ఆ మూల గురించి, చూడటం అంటే ఏంటో చెప్పారు. ఇంటికొచ్చి ఏడ్చా, ఫెయిల్ అయినందుకు కాదు, ఆ పిల్లల సీటు కళ్ళ ముందు నుంచి పోలేదు. మామ్మ సంగతి విని, మర్నాడు సాయంత్రం నన్ను మా బ్యోర్క్‌స్కాతన్‌లోనే బోర్డుల్లేని ప్రతి మూలకీ తిప్పారు, ప్రతి గుట్ట దగ్గర కారు ముక్కు మాత్రం బయట పెట్టి, ఆగి, తల తిప్పి, ముందుకి వంగి చూసి, అప్పుడు కదలాలి. ఇరవై మూలలో ముప్పై మూలలో గుర్తు లేదు. మాట్లాడలేదు ఆవిడ, ష్‌ఊప్, ష్‌ఊప్ అంతే.

జనవరి మొదటి వారం ప్రాక్టీస్ కుదర్లేదు. ఆ వారం ఉత్తరం మొత్తం గడ్డకట్టింది, జనవరి 3 న క్విక్యోక్ దగ్గర మైనస్ 43.6 పడింది, పాతికేళ్ళలో స్వీడన్‌లో జనవరిలో అంత చలి లేదన్నారు వార్తల్లో. మా దగ్గర కూడా ముప్పై చుట్టూ తిరిగింది. ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా అవుతాయి, కనురెప్పలు అంటుకుంటాయి. బాల్కనీలో మర్చిపోయిన పెరుగు డబ్బా రాయి అయిపోయింది. సంక్రాంతికి భోగి మంట ఎలాగూ లేదు, ఓవెన్ ముందు కూర్చుని అరిసెలు చేశాం, బెల్లం స్టాక్‌హోమ్ నుంచి పోస్టులో తెప్పించిందే, మామ్మకి ఆరు పంపిస్తే ఆవిడ కాఫీలో ముంచుకుని తిన్నారు.

జనవరి 25 న రెండోసారి. మైనస్ 18, పొద్దున తొమ్మిదిన్నర, తూర్పున సముద్రం వైపు ఆకాశం గులాబీ రంగు. ఈసారి ఎగ్జామినర్ వేరే ఆయన, మాటలు తక్కువ. యూనివర్సిటీ పక్క పూర్షోన్‌లో బోర్డు లేని ఒక మూల వచ్చింది, ముక్కు పెట్టా, ఆగా, వంగి చూశా. ఎవరూ లేరు. అయినా ఆగినందుకు నాకే ఊపిరి తేలికైంది. ఊరి బయట ఎనభై రోడ్డు మీద మంచు పొడి లేస్తుంటే అరవై ఐదుకి దిగా, తప్పా ఒప్పా అని ఆయన మొహం చూడలేదు, రోడ్డు చూశా. చివర్లో కారు ఆపాక ఆయన కాగితం మీద రాసుకుంటూ "గూద్‌షెండ్" అన్నారు, అంటే పాస్. నేను అర్థం కానట్టు చూస్తే ఇంగ్లీషులో మళ్ళీ చెప్పారు. అర్థం కాక కాదు. మామ్మకి ఫోన్ చేస్తే అటు నుంచి మాట లేదు, గాలి పీల్చిన శబ్దం ఒక్కటే. అమ్మకి చేస్తే అమ్మ ఏడ్చింది.

కార్డు పోస్టులో వచ్చింది, రెండేళ్ళు ప్రొబేషన్, ఆ లోపు పెద్ద తప్పు చేసి లైసెన్సు పోతే మళ్ళీ పరీక్షలన్నీ. మార్చిలో మామ్మని పక్కన కూర్చోపెట్టుకుని సముద్రం మీద నడిపా. నిజంగానే సముద్రం, గడ్డకట్టాక దీవులకి ఐస్ రోడ్డు వేస్తారు, హిందెర్షోన్ దీవి వైపు పోయాం. మొదట్లో బరువు హద్దు బోర్డు ఉంటుంది, ముందు కారుకి చాలా దూరం వదలాలి. చుట్టూ తెలుపు, ఎండ కళ్ళల్లోకి కొడుతోంది, పాప వెనక సీట్లో కింద చేపలున్నాయా అని అడుగుతోంది. ఉన్నాయి అంది మామ్మ.

ఇప్పుడు మా ఆయన వంతు. నేను నేర్పిద్దామంటే కుదరదు, స్వీడిష్ లైసెన్సు ఐదేళ్ళు నిండాలి కదా. అందుకని మళ్ళీ మామ్మే ఒప్పుకున్నారు. వాళ్ళిద్దరూ కోర్సుకి వెళ్ళొచ్చారు, రిస్క్ మొదటిది అయింది, హాల్క్‌బానా వచ్చే నెల. మంగళవారం సాయంత్రాలు ఫ్రిజ్ తలుపు మీద ఆ ఆకుపచ్చ బోర్డు ఉండదు, ఆ ఖాళీలో పాప ఒక బొమ్మ అంటించింది, వాళ్ళు తిరిగొచ్చేలోపు తీసేస్తుంది.